రేవు లేని దీవి

మారిషస్ ఉత్తరపు కొసన, సముద్రపు ఒడ్డున, ఎర్ర పైకప్పు చర్చి ఒకటి ఉంది. మన దగ్గర్నుంచి వెళ్లే పర్యాటకులు అక్కడ ఫొటో దిగకుండా రారు. ఆ ఫొటోల్లో వెనకాల, ఒక పక్కకు వాలిన బెల్లం అచ్చులా కనిపించే దీవి కోయిన్ ద మీర్. చాలామంది చూపు దానితోనే ఆగిపోతుంది. దానికి అవతల ఫ్లాట్ ఐలాండ్, గేబ్రియల్ దీవి ఉంటాయి. ఇంకా దూరంగా, ఆకాశం తేటగా ఉన్న రోజున, నీటి అంచు మీద మసకగా ఓ గుట్ట, దాని పక్కనే ఓ బండ తేలినట్టు ఉంటాయి. ఆ గుట్టే రౌండ్ ఐలాండ్. ఫ్రెంచివాళ్లు ఇల్ రోంద్ అన్నారు. బండ పేరు సర్పెంట్ ఐలాండ్, అంటే పాముల దీవి.

ఇక్కడ ఓ తమాషా ఉంది. రౌండ్ ఐలాండ్ గుండ్రంగా ఉండదు, దాని మీద పాములుంటాయి. పాముల దీవి గుండ్రంగా ఉంటుంది, దాని మీద ఒక్క పామూ లేదు. పాత పటాలు గీసినవాళ్లు రెండు పేర్లనూ తారుమారు చేసి ఉంటారని మారిషస్‌లో చాలాకాలంగా చెప్పుకొంటారు. పేరు ఎలా వచ్చినా, ప్రపంచంలో మరే దీవికీ లేని సంపద ఈ రౌండ్ ఐలాండ్‌కు ఉంది. ఒకప్పుడు మారిషస్ నేలంతా పాకిన జీవుల్లో చివరికి మిగిలినవి చాలావరకు ఇక్కడే మిగిలాయి.

దీవి చాలా చిన్నది. విస్తీర్ణం రెండు చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, ఎత్తు 280 మీటర్లు. మారిషస్ తీరం నుంచి 22 కిలోమీటర్ల పైచిలుకు దూరం. అగ్నిపర్వతం కక్కిన బూడిద గట్టిపడి రాయిగా మారిన శంఖువు ఇది. ఇసుక తీరం లేదు, లోపలికి చొచ్చుకొచ్చిన మడుగు లేదు, పడవను ఆనించడానికి గట్టు లేదు, ఏడాది పొడవునా ఉండే మంచినీటి ఊట లేదు. దిగాలంటే అల పడవను పైకెత్తిన క్షణం చూసుకుని, ముందుకు పొడుచుకొచ్చిన రాతిపలక మీదికి దూకాలి. క్షణం ఆలస్యమైతే అదే అల పడవను రెండు మీటర్లు కిందికి లాగేస్తుంది. సముద్రం మొండికేసిన రోజుల్లో వచ్చిన దారినే తిరిగిపోవాలి. ఇప్పుడైతే హెలికాప్టర్ ఉంది కానీ, నాలుగు శతాబ్దాలపాటు ఆ రాతిపలకే ఈ దీవికి గుమ్మం.

ఈ దీవి చరిత్రనంతా ఆ గుమ్మం దగ్గర నిలబడి చదవవచ్చు. ఇక్కడి ప్రాణులు ముఖ్యంగా బతికింది ఏ చట్టం వల్లో, ఏ మహానుభావుడి దయ వల్లో కాదు. దిగడం కష్టం కావడం వల్ల. అందుకే రౌండ్ ఐలాండ్ కథ చెప్పుకొనేముందు, దిగడం సులువైన పక్క దీవులకు ఏం జరిగిందో చూడాలి.

ఎలుక వచ్చిన చోట, రాని చోట

డచ్చివాళ్లు మారిషస్‌లో కాలుపెట్టింది 1598లో. 1638లో స్థిరపడ్డారు, 1710లో వదిలేసి వెళ్లారు. ఆ తర్వాత 1715 నుంచి ఫ్రెంచివాళ్లు, 1810 నుంచి ఇంగ్లీషువాళ్లు. డోడో పక్షి పేరు అందరికీ తెలుసు. 17వ శతాబ్దం ముగిసేలోపే అది అంతరించింది. కానీ డోడో ఒక్కటే పోలేదు. అక్కడే పుట్టిన రెండు జాతుల పెద్ద తాబేళ్లు పోయాయి. నేల మీద పాకే పాములు, పెద్ద నలికిరులు ప్రధాన దీవి నుంచి పూర్తిగా పోయాయి. నావికులు తిన్నవి కొన్ని. పందులు, కోతులు, పిల్లులు తిన్నవి కొన్ని. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది మాత్రం ఓడ తాళ్ల వెంట జారి ఒడ్డుకు చేరిన ఎలుక. గుడ్డు దొరికితే గుడ్డు, పిల్ల దొరికితే పిల్ల. లక్షల ఏళ్లపాటు ఎలుక వాసనే ఎరగని బల్లి దాన్ని చూసి పారిపోవాలని కూడా తెలియనిది.

ఇంక ఫ్లాట్ ఐలాండ్, గేబ్రియల్. ఇవి రెండూ పక్కపక్కనే ఉన్న జంట. మధ్యలో లోతు తక్కువ మడుగు, తెల్లటి ఇసుక. పడవ హాయిగా ఒడ్డుకు చేరుతుంది. చేరుతుంది కాబట్టే వలస పాలకులు వాటిని వాడుకున్నారు. ఫ్లాట్ ఐలాండ్ మీద దీపస్తంభం కట్టారు. చెరకు తోటల కోసం భారతదేశం నుంచి కూలీలను తెచ్చిన ఓడల్లో రోగం కనిపిస్తే వాళ్లను ఈ దీవుల మీదే ఆపారు. 1856లో కలకత్తా నుంచి వచ్చిన ఓడల్లో కలరా తగలగా, అందులోని మనుషులను గేబ్రియల్ మీద సరైన నీడ, వైద్యం లేకుండా దించేశారు. వందలమంది అక్కడే చనిపోయారు. కొరింగ రేవు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు కూడా ఆ దశాబ్దాల్లోనే మారిషస్ చేరారు. వాళ్ల వారసులు జరుపుకొనే ఉగాదికి అక్కడ ఇవాళ ప్రభుత్వ సెలవు. ఈ దీవుల సంగతి మాట్లాడుకునేటప్పుడు ఆ మరణాలను దాటవేసి చెట్టూ పిట్టా గురించే చెప్పుకోవడం సరికాదు.

మనుషుల వెంట ఎలుకలు, చిట్టెలుకలు, పిల్లులు ఆ దీవులకు చేరాయి. కోయిన్ ద మీర్‌కు కూడా ఎలుకలు వచ్చాయి. రౌండ్ ఐలాండ్‌కు మాత్రం ఎలుక ఎప్పుడూ రాలేదు. ఓడ ఆగితేగా ఎలుక దిగేది! ఆ ఒక్క కారణం చేత, మారిషస్ నేల మీద నుంచి చెరిగిపోయిన పాకే జీవుల సంత ఇక్కడ మిగిలింది. ఒక్క చిన్న గుట్ట మీద 8 స్థానిక జాతులు ఉండేవి: మూడు రకాల నలికిరులు, మూడు రకాల బల్లులు, రెండు రకాల పాములు.

దవడ విరిగిన పాము

ఆ రెండు పాముల గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. ఇవి బోవాలని పిలిపించుకుంటాయి గానీ నిజమైన బోవాలు కావు. వేరే కుటుంబం. ఆ కుటుంబంలో ప్రపంచం మొత్తానికి తెలిసినవి ఈ రెండే.

ఒకటి పొలుసుల మీద గీతలుండే రౌండ్ ఐలాండ్ బోవా. పొడవు మీటరు నుంచి మీటరున్నర వరకు, సన్నటి ఒళ్లు. పగలు రంగు ముదురుగా, రాత్రి లేతగా మారుతుంది. బోవాలు సాధారణంగా పిల్లలను కంటాయి, ఇది గుడ్లు పెడుతుంది. దీని అసలు విచిత్రం నోట్లో ఉంది. పై దవడ ఎముక మన అందరికీ ఒకే ముక్క, పాములకూ అంతే. దీనికి మాత్రం ఆ ఎముక ముందు వెనకలుగా రెండు ముక్కలై, మధ్యలో కీలులా కదులుతుంది. వెన్నెముక ఉన్న నేల జంతువుల్లో ఈ కుటుంబానికి తప్ప ఇలాంటి దవడ మరి దేనికీ లేదు. ఎందుకిలా అంటే జవాబు దాని తిండిలో ఉంది. దీని ఆహారం ముఖ్యంగా నలికిరి. నున్నగా, గట్టిగా, నూనె రాసినట్టు జారిపోయే ఒళ్లు దానిది. మామూలు నోటితో పట్టుకుంటే సర్రున జారిపోతుంది. దవడ మధ్యలో మడత పడితే పళ్లు రెండు వైపుల నుంచీ ఆ గుండ్రటి ఒంటికి హత్తుకుంటాయి. ఎలుకలు, కప్పలు లేని దీవిలో, దొరికే ఒకే తిండి కోసం ఓ పాము తన పుర్రెనే మార్చుకుంది.

దీని పిల్లలు మాత్రం నారింజ రంగులో, పెన్సిల్ కన్నా సన్నగా ఉంటాయి. నలికిరిని పట్టేంత శక్తి వచ్చేదాకా చిన్న బల్లులే వీటి ఆధారం. అంటే పాము బతకాలంటే నలికిరులే కాదు, బల్లులూ కావాలి. బల్లులు దాక్కోవడానికి తాటి జాతి చెట్ల ఎండుటాకులు కావాలి. ఆ చెట్లకు మట్టి కావాలి.

రెండోది బొరియల బోవా. మట్టిలో, రాలిన ఆకుల అడుగున దూరి బతికే పాము. దీన్ని చివరిసారి ప్రాణంతో చూసింది 1975లో. ఆ తర్వాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిన జాతుల్లో చేర్చారు. ఎలుక రాని దీవిలో ఇది ఎందుకు పోయింది? దాన్ని ఎవరూ తినలేదు. దాని కాళ్ల కింది నేల అనాలో, ఒంటి కింది నేల అనాలో, అది కొట్టుకుపోయింది.

మేకా కుందేలూ

రేవు లేకపోవడం దీవిని ఎలుక నుంచి కాపాడింది గానీ మనిషి ఆలోచన నుంచి కాపాడలేదు. 19వ శతాబ్దంలో ఎవరో మేకలను, కుందేళ్లను ఇక్కడ వదిలారు. ఆ రోజుల్లో అది ప్రపంచమంతటా ఉన్న అలవాటు. ఓడ మునిగి ఎవరైనా కొట్టుకొస్తే తినడానికి పనికొస్తాయని, వేటకు సరదాగా ఉంటుందని దీవులన్నిటి మీదా మేకలను దించేవారు. మన అండమాన్ దీవుల్లోని నార్కొండం మీద కూడా 1976లో పోలీసు శిబిరం కోసం మేకలను దించారు. అక్కడా అడవి మొలకలను అవి మేసేశాయి. చాలా ఏళ్ల తర్వాత గానీ వాటిని తీసేయలేదు.

1844లో సర్వే అధికారి లాయిడ్ బృందం రౌండ్ ఐలాండ్‌కు వెళ్లింది. ఆ ప్రయాణంలో కోర్బీ అనే సహచరుడికి ఒక గుహలో పెద్ద ఆడ తాబేలు దొరికింది. మారిషస్ పెద్ద తాబేళ్లలో ప్రాణంతో దొరికినట్టు లెక్కకొచ్చిన చివరివాటిలో అదొకటి. దాన్ని ప్రధాన దీవికి తీసుకుపోయారు. అక్కడ పిల్లలను పెట్టిందని, వాటిని తెలిసినవాళ్లకు పంచారని రాసి ఉంది. ఆ పిల్లల జాడ ఏదీ మిగల్లేదు. ఇంటి పెరట్లో ఆడుకునే వస్తువుగా, ఎవరికీ తెలియకుండా, ఓ జాతి చివరి అంకం అలా ముగిసింది.

మేక, కుందేలు చేసే నష్టం పులి చేసినట్టు ఒక్కసారిగా కనపడదు. పెద్ద చెట్టు అలాగే నిలబడి ఉంటుంది. ఏటా కాయలు రాలుస్తుంది, విత్తనం మొలుస్తుంది, రెండాకులు రాగానే కుందేలు కొరికేస్తుంది. వందేళ్లు ఇదే తంతు. చూసేవాళ్లకు అడవి ఉన్నట్టే ఉంటుంది, నిజానికి అది ముసలివాళ్లు మాత్రమే మిగిలిన ఊరు. తుపాను వచ్చినప్పుడల్లా కొన్ని ముసలి చెట్లు కూలుతాయి, వాటి చోటులోకి రావడానికి చిన్నవాటిలో ఎవరూ ఉండరు. గట్టి కలప చెట్ల అడవి అలా మొత్తం పోయింది. వేరు పట్టు పోయాక వాన మట్టిని కడిగి సముద్రంలో కలిపింది. గుట్ట పక్కలంతా గోకినట్టు చారలు పడి, ఒట్టి రాయి తేలింది.

మిగిలింది తాటి జాతి చెట్లు, మన మొగలికి చుట్టమైన ఓ పొద. వాటిలోనూ లాటన్ తాటి మాత్రమే గుంపుగా నిలిచింది. మిగతావాటి పరిస్థితి ఘోరం. సీసా ఆకారంలో అడుగు ఉబ్బి ఉండే బాటిల్ పామ్ పెద్ద చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. మన నర్సరీల్లో, కాలేజీల ముందు వరసగా కనిపించే నున్నటి బోదె చెట్టును మనవాళ్లు బాటిల్ పామ్ అంటారు గానీ, అది చాలావరకు క్యూబా వైపు నుంచి వచ్చిన రాయల్ పామ్. అసలైన బాటిల్ పామ్ పొట్టిది, కుండలాంటి అడుగు దానిది, పుట్టిల్లు ఈ ఒక్క గుట్ట. తోటల్లో ప్రపంచమంతా పెరుగుతూ, పుట్టింట్లో చివరి ఊపిరితో ఉన్న చెట్టు అది. హరికేన్ పామ్ పరిస్థితి ఇంకా దారుణం. రౌండ్ ఐలాండ్ రకంలో అడవిలో మిగిలింది చివరికి ఒకే ఒక్క చెట్టు.

1957లో దీవిని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మంచి పనే. కానీ చట్టం మనిషిని ఆపగలదు, కుందేలును ఆపలేదు. ప్రకటించిన తర్వాత కూడా దాదాపు మూడు దశాబ్దాలపాటు మొలకలు కుందేళ్ల నోట్లోకే పోయాయి. బొరియల బోవా చివరిసారి కనిపించింది చట్టం వచ్చిన 18 ఏళ్లకు. రక్షణ అంటే కంచె వేసి ముట్టుకోకుండా వదిలేయడమే అనుకునేవాళ్లు ఈ తేదీలను దగ్గర పెట్టుకుని చూడాలి.

తీసేయడంలో వరస

1976లో, ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య సముద్రంలో ఉన్న జెర్సీ దీవిలోని జంతుసంరక్షణ కేంద్రం స్థాపకుడు జెరాల్డ్ డరెల్ ఈ దీవి మీద దిగాడు. అప్పటికి బోవాలు వందలోపే ఉంటాయని అంచనా. ఆయన బృందం కొన్ని పాములను, గుంథర్ బల్లులను, టెల్‌ఫెయిర్ నలికిరులను పట్టి జెర్సీకి తీసుకుపోయింది. దీవి ఒరిగిపోతే కనీసం విత్తనం మిగలాలన్నది లెక్క. నలికిరులు, బల్లులు సులువుగానే పిల్లలు పెట్టాయి. బోవా మాత్రం ఏళ్లపాటు మొరాయించింది. 1982లో గానీ పిల్లలు పొదగలేదు.

అసలు పని దీవి మీదే. ముందు మేకలు. 1979 నాటికి చివరి మేకను కాల్చేశారు. కుందేళ్లను కాల్చి వదిలించుకోవడం అయ్యే పని కాదు. పది మిగిలితే చాలు, ఏడాది తిరిగేసరికి మళ్లీ వందలవుతాయి. 1986లో న్యూజిలాండ్ నుంచి డాన్ మెర్టన్ బృందం వచ్చింది. ప్రపంచంలో 5 మాత్రమే మిగిలిన నల్ల రాబిన్ పిట్టను ఒడ్డుకు చేర్చిన మనిషి ఆయన. దీవిలో అడుగడుగునా విషపు ఎర చల్లి, తర్వాత వారాల తరబడి మిగిలినవాటిని వెతికి, చివరి కుందేలు దాకా తీసేశారు. ఆ ఎర తిని కొన్ని నలికిరులు కూడా చనిపోయాయి.

కుందేలును విషం పెట్టి చంపడం గురించి వినగానే మనసు ఒప్పుకోదు. కుందేలు ఏ పాపం చేసింది? నిజమే, ఏ పాపమూ చేయలేదు. పాపం దాన్ని అక్కడ వదిలిన మనిషిది. అయినా, ఆ కుందేళ్లు ప్రపంచంలో మరెన్నో చోట్ల ఉన్నాయి. బోవా ఇంకెక్కడా లేదు. చంపకుండా వదిలేయడం కూడా ఓ నిర్ణయమే, దాని ఫలితాన్ని నోరులేని పాము, చెట్టు భరిస్తాయి. రౌండ్ ఐలాండ్ విషయంలో తీసుకున్న నిర్ణయం బాధాకరమైనదే గానీ సరైనదని అనడానికి ఆ తర్వాత జరిగింది చాలు.

కుందేళ్లు పోయిన కొద్ది కాలానికే లాటన్ మొలకలు విసనకర్రల్లా లేచాయి. మొగలి జాతి పొదలు పిల్లలు వేశాయి. ఎండుటాకు నేల మీద పేరుకుంది. దానితో పురుగులు, పురుగులతో బల్లులు, నలికిరులు పెరిగాయి. 1970లలో కొన్ని వేలుగా ఉన్న టెల్‌ఫెయిర్ నలికిరులు పదుల వేలకు చేరాయి. ఇవి మనిషికి భయపడవు, సంచి కింద పెడితే చాలు వచ్చి తల దూర్చి తిండి ఏముందో చూస్తాయి. ఆ వెనకే బోవాల సంఖ్య కూడా ఎన్నో రెట్లు పెరిగింది.

కానీ మేసే నోరు పోయాక పెరిగింది మంచి మొక్కలే కాదు. బయటి నుంచి గాలికి, పక్షి ఈకకు, మనిషి బట్టకు అంటుకొచ్చిన కలుపు కూడా విజృంభించింది. అంతదాకా కుందేలు దాన్ని కూడా కొరుకుతూ అదుపులో ఉంచిందన్నమాట. ఇక్కడ నిర్వాహకులు ఓ ఇబ్బందికరమైన ప్రశ్న ఎదుర్కొన్నారు. ఈ దీవికి మేసే జంతువు అసలు వద్దా? ఒకప్పుడు ఉండేది కదా?

ఉండేది. తాబేలు. గడ్డిని నేలబారుగా మేసి, పెద్ద కాయలను మింగి, విత్తనాలను దూరాన వేసే పని లక్షల ఏళ్లు దానిదే. ఆ తాబేలు మళ్లీ రాదు. అప్పుడు వచ్చిన ఆలోచన చాలామందికి మొదట మింగుడుపడలేదు: దాని పని చేయగల మరో తాబేలును తెచ్చి పెట్టడం. మారిషస్‌కే చెందిన ఇల్ ఒ ఎగ్రెట్ అనే చిన్న దీవిలో 2000లో, సీషెల్స్‌లోని అల్డాబ్రా దీవులకు చెందిన పెద్ద తాబేళ్లను వదిలారు. అక్కడి ఎబొనీ చెట్టు మన బీడీ ఆకు తునికికి దగ్గరి చుట్టం. దాని కాయలు తల్లి చెట్టు కిందే రాలి, అక్కడే గుంపుగా మొలిచి చచ్చిపోయేవి. తాబేలు కడుపులోంచి వచ్చిన గింజలు బాగా మొలవడమే కాక, చెట్లు నరికేసిన ఖాళీ చోట్లలో మొక్కలుగా నిలిచాయి.

ఆ ధైర్యంతో 2007లో రౌండ్ ఐలాండ్‌కు 12 అల్డాబ్రా తాబేళ్లను, మడగాస్కర్ నుంచి వచ్చిన 12 నక్షత్రపు గీతల తాబేళ్లను తెచ్చి చూశారు. స్థానిక మొక్కల జోలికి ఎక్కువగా పోకుండా, బయటి గడ్డిని మేస్తున్నాయని నమ్మకం కుదిరాక అల్డాబ్రావాటిని పెంచుతూ పోయారు, ఇవాళ అవి వందల్లో ఉన్నాయి. ఈ తాబేళ్లు మారిషస్‌లో ఉండటం వెనక ఓ పాత ఉత్తరం ఉంది. 1874లో డార్విన్, హుకర్ లాంటి శాస్త్రవేత్తలు సంతకాలు చేసి, అల్డాబ్రా తాబేళ్లు కూడా మారిషస్‌వాటిలా పోకముందే కాపాడమని మారిషస్ గవర్నరుకు రాశారు.

పరాయి జంతువును తీసేయడానికి అంత కష్టపడి, మళ్లీ పరాయి జంతువునే తేవడమేమిటన్న అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. తేడా ఒకటి ఉంది. తాబేలు నెమ్మది మీద పెరుగుతుంది, లెక్కపెట్టవచ్చు, చెడు చేస్తుందని తేలితే ఎత్తుకుని తీసుకుపోవచ్చు. కుందేలును అలా తీసుకుపోలేరు. అందుకే ఇది జూదం కాదు, పరీక్ష.

ఏ జాతో తెలియని పక్షి

దీవి మీద పాకేవే కాదు, ఎగిరేవీ ఉన్నాయి. ఎర్ర తోక ట్రాపిక్ పక్షులు రాతి నీడల్లో, షియర్‌వాటర్లు బొరియల్లో గూళ్లు పెడతాయి. రౌండ్ ఐలాండ్ పెట్రెల్ అనే సముద్రపు పక్షి మాత్రం శాస్త్రానికే చిక్కుముడి. బ్రెజిల్ తీరానికి దూరంగా, అట్లాంటిక్‌లో ఉన్న ట్రిన్‌డాడే దీవి పెట్రెల్ ఇక్కడికెలా వచ్చిందని మొదట ఆశ్చర్యపోయారు. తర్వాత జన్యు పరీక్షల్లో తేలింది ఇంకా ఆశ్చర్యం: అట్లాంటిక్ జాతితో పాటు పసిఫిక్ సముద్రానికి చెందిన కెర్మడెక్, హెరాల్డ్ జాతులు కూడా ఇక్కడ కలిసి జతకడుతున్నాయి. మూడు జాతుల రక్తం కలిసిన పక్షి ఇది. జాతుల జాబితా ప్రకారం కాపాడే చట్టాలకు ఇలాంటి పక్షిని ఏ గడిలో రాయాలో అర్థం కాదు. గుడ్డు పెట్టే కాలం అయిపోయాక ఇవి హిందూ మహాసముద్రమంతా తిరుగుతాయి. కాళ్లకు కట్టిన చిన్న పరికరాలు కొన్ని పక్షులు బంగాళాఖాతం దాకా వచ్చి వెళ్తున్నట్టు చూపించాయి.

చుంచెలుక దిగిన రోజు

ఒక్క గుట్ట మీదే అంతా ఉంచితే ఒక్క తుపానుకు, ఒక్క నిప్పురవ్వకు అంతా పోవచ్చు. అందుకని పక్క దీవుల్లో ఎలుకలను తీసేసి, రౌండ్ ఐలాండ్ జీవులను అక్కడ నాటడం మొదలైంది. 1990ల్లో కోయిన్ ద మీర్, ఫ్లాట్ ఐలాండ్ రెండింటినీ ఎలుకల నుంచి విముక్తం చేశారు. 2006, 2007ల్లో టెల్‌ఫెయిర్ నలికిరులు కోయిన్ ద మీర్‌కు, ఇల్ ఒ ఎగ్రెట్‌కు చేరాయి. 2012లో 60 బోవాలను కోయిన్ ద మీర్‌లో వదిలారు. ఆ పాము జాతికి శతాబ్దం దాటిన తర్వాత రెండో ఇల్లు దొరికింది.

ఈ జాగ్రత్త ఎంత అవసరమో ఫ్లాట్ ఐలాండ్ చూపించింది. 1995లో అక్కడ నారింజ రంగు తోక ఉన్న నలికిరి ఒకటి దొరికింది. ప్రపంచంలో మరెక్కడా లేనిది. 2008 నుంచి కొన్ని వందలను పట్టి కోయిన్ ద మీర్‌కు తరలించారు. ఆ తర్వాత 2010 ప్రాంతంలో, ఏదో సామానుతో పాటు, చుంచెలుక ఫ్లాట్ ఐలాండ్‌కు చేరింది. మన ఇళ్లలో రాత్రి గోడ వారగా కిచకిచమంటూ, కంపు కొడుతూ పరిగెత్తే ఆ చుంచెలుకే. మన దగ్గర దాన్ని ఎవరూ పట్టించుకోరు, పురుగులు తింటుందని వదిలేస్తారు. అక్కడ ఏడాదిన్నర తిరిగేసరికి ఆ నలికిరి దీవిలో ఒక్కటి కూడా లేకుండా పోయింది. కోయిన్ ద మీర్‌కు తరలించినవి మాత్రం బతికాయి. తరలింపు మరో రెండేళ్లు వాయిదా పడి ఉంటే తరలించడానికేమీ మిగిలి ఉండేది కాదు.

2020 జూలై 25న మారిషస్ ఆగ్నేయ తీరంలో వకాషియో అనే ఓడ పగడపు దిబ్బ ఎక్కింది. సుమారు 1,000 టన్నుల చమురు కారింది. ఆ వైపు చిన్న దీవుల్లోని బల్లులను, నలికిరులను కొన్నింటిని హడావుడిగా పట్టి జెర్సీకి పంపారు. రౌండ్ ఐలాండ్ ఉత్తరాన ఉంది కాబట్టి ఈసారి బతికిపోయింది. ఆ దారిలో తిరిగే ఓడలు మాత్రం తగ్గలేదు.

2002 నుంచి దీవి మీద ఓ చిన్న స్థావరంలో ఎప్పుడూ కొద్దిమంది ఉంటున్నారు. మారిషియన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ మనుషులు, జాతీయ ఉద్యానవనాల శాఖ ఉద్యోగులు. కలుపు తీస్తారు, నారు పోసి గట్టి కలప చెట్లు నాటుతారు, పాములను లెక్కపెడతారు. వాళ్లు ఉండటమంటేనే ఆ రాతిపలక ఇక పూర్తి రక్షణ కాదని అర్థం. హెలికాప్టర్ అల కోసం ఎదురుచూడదు. అది మోసుకొచ్చే పెట్టెలో చుంచెలుక ఉండవచ్చు, కూరగాయల బుట్టలో చీమల గూడు ఉండవచ్చు, సిమెంటు బస్తాలో కలుపు గింజ ఉండవచ్చు.

అందుకని బయల్దేరేముందు ప్రతి వస్తువునూ మూసిన గదిలో విప్పుతారు. సంచి కుట్లు తిరగేస్తారు, జేబులు బయటికి లాగుతారు. బూటు అడుగున గాట్లను పుల్లతో గీకుతారు. అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టేది మేజోళ్లకూ, అంటుకునే పట్టీలకూ. పల్లేరు కాయలా పట్టుకునే గడ్డి గింజలు అక్కడే ఇరుక్కుంటాయి. ఒక్కొక్కదాన్ని చిమటతో పీకి, డబ్బాలో వేసి, మూత పెట్టాక గానీ ఆ మనిషిని పడవ ఎక్కనివ్వరు.